పుర్రె లోపలి ఒత్తిడిని కనిపెట్టి చూసిన డాక్టర్ హార్వే కుషింగ్

మన సంఘం ఈసారి ఆరోగ్య ప్రత్యేక సంచిక తెస్తున్నదనీ, పాత తరం మహనీయుడెవరి జీవితం గురించైనా రాసి పంపమనీ కార్యదర్శి గారు కబురు చేశారు. ఏ నాయకుడి గురించో, ఏ కవి గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్నది ఒక అమెరికా డాక్టరును. పేరు హార్వే కుషింగ్. ఆయన కాలం చేసి ఎనభై ఏళ్ళు దాటింది. సభ్య మిత్రులలో చాలామందికి ఈ పేరు కొత్త కావచ్చు గానీ, పెద్ద ఆపరేషన్ చేయించుకుని క్షేమంగా ఇంటికి వచ్చిన ప్రతి పెన్షనరూ ఈయనకు ఎంతో కొంత రుణపడి ఉన్నాడు.

నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్ళు రికార్డు సెక్షన్‌లో పాత ఫైళ్ళ దుమ్ము దులిపినవాణ్ణి. చదివి తెలుసుకున్నదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

కుషింగ్ 1869 ఏప్రిల్ 8న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టాడు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. తండ్రి, తాత, ముత్తాత అందరూ వైద్యులే. యేల్ విశ్వవిద్యాలయంలో 1891లో పట్టా పుచ్చుకున్నాడు. అక్కడ చదువుకంటే బేస్‌బాల్ ఆటలో ఎక్కువ పేరు. తరువాత హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరి 1895లో డాక్టరై బయటికి వచ్చాడు.

ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడే ఒక దుర్ఘటన జరిగింది. ఆ రోజుల్లో మత్తు ఇవ్వడానికి వేరే డాక్టరంటూ ఉండేవాడు కాదు. ఈథర్ తడిపిన గుడ్డ రోగి ముక్కు దగ్గర పట్టుకునే పని ఎవరో ఒక విద్యార్థికి అప్పగించేవారు. ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అని చెప్పేవారు ఉండరు. ఒకనాడు ఆ పని కుషింగ్ మీద పడింది. ఆపరేషన్ గదిలోనే రోగి ప్రాణం పోయింది. ఇటువంటివి మామూలేనని పెద్ద సర్జన్ తేలికగా తీసుకున్నాడట గానీ కుర్రవాడికి నిద్ర పట్టలేదు. వైద్యం చదువు మానేద్దామా అనేంత వరకు వెళ్ళాడు.

మానలేదు. సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్‌మన్, తాను కలిసి ఒక పందెం వేసుకున్నారు. ఎవరు మత్తు బాగా ఇస్తే వారికి రెండోవాడు భోజనం పెట్టించాలి. బాగా ఇచ్చారో లేదో తేలాలంటే రాసిపెట్టుకోవాలి కదా! అలా 1894లో, గళ్ళ కాగితం మీద కొద్ది నిమిషాలకు ఒకసారి నాడి ఎంత, శ్వాస ఎంత అని గుర్తులు పెట్టే పద్ధతి మొదలైంది. ఈనాడు ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టర్లు నింపే చార్టుకు అదే మాతృక. రికార్డు సెక్షన్ వాణ్ణి కనుక నాకు ఈ ఘట్టం మహా ఇష్టం. ఒక కాగితం సరిగ్గా నింపితే ప్రాణాలు నిలుస్తాయని మా కాలంలో మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా సెక్షన్‌కు ఇంకాస్త గౌరవం దక్కేదేమో.

1896లో కుషింగ్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వెళ్ళి, హాల్‌స్టెడ్ అనే మహా సర్జన్ దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకున్నాడు. రక్తం పోకుండా, కండ చితక్కుండా, నిదానంగా చెయ్యడం అక్కడ అలవాటైంది. 1900లో యూరప్ యాత్రకు బయలుదేరాడు. స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో కోకర్ అనే సర్జన్, క్రోనెకర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఆయనకొక పరిశోధన అప్పగించారు. పుర్రె లోపల ఒత్తిడి పెరిగితే ఏమవుతుంది అన్నది ప్రశ్న.

ఇక్కడ కాస్త ఆగి ఆ సంగతి వివరించాలి. మన పుర్రె మూత బిగించిన ఇత్తడి డబ్బా లాంటిది. లోపల మెదడు, దాని రక్తనాళాల్లో రక్తం, దాని చుట్టూ ఒక పల్చటి ద్రవం ఉంటాయి. డబ్బా సాగదు. కనుక ఈ మూడింటిలో ఏ ఒక్కటి పెరిగినా మిగతావి తగ్గి చోటివ్వాలి. కొంతవరకు ఇస్తాయి. ఇక ఇవ్వలేని స్థితి వస్తే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. పడుకున్న పెద్దవాళ్ళలో ఈ ఒత్తిడి పాదరసం లెక్కన 7 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా ఉండటం మామూలు. 20 దాటి అలాగే నిలిస్తే డాక్టర్లు కంగారు పడతారు. ఎందుకంటే రక్తం లోపలికి పోవాలంటే ఆ ఒత్తిడిని తోసుకుంటూ పోవాలి. పోలేకపోతే మెదడు ఆకలితో చస్తుంది.

కుషింగ్ కుక్కల పుర్రెకు చిన్న రంధ్రం చేసి గాజు కిటికీ అమర్చాడు. లోపలికి ఉప్పు ద్రావణం ఎక్కిస్తూ, కిటికీలోంచి మెదడు రక్తనాళాలను చూస్తూ కూర్చున్నాడు. ఒత్తిడి పెరిగేకొద్దీ నాళాలు పాలిపోయాయి. సరిగ్గా అప్పుడే శరీరంలోని రక్తపోటు తనంతట తాను పెరిగి, పుర్రెలోని ఒత్తిడి కంటే ఒక మెట్టు పైకి చేరింది. నాళాలు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఇంకాస్త ఒత్తిడి పెడితే రక్తపోటు ఇంకాస్త పైకి. మెదడు అడుగుభాగం, తనకు రక్తం అందడం లేదని తెలిసి, గుండెనూ నాళాలనూ బతిమాలి రక్తం తెప్పించుకుంటున్నదన్నమాట. ఈ ఫలితాలు 1901, 1902 సంవత్సరాల్లో అచ్చయ్యాయి. తలకు దెబ్బ తగిలినవాడికి బి.పి. పెరిగి, నాడి నెమ్మదించి, శ్వాస గతి తప్పిందంటే మెదడు ప్రమాదంలో పడ్డట్టేనని ఇప్పటికీ వైద్య విద్యార్థులు ఆయన పేరుతోనే చదువుతారు. ఆ మూగజీవాలను తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కానీ ఈ జ్ఞానం వచ్చింది వాటి వల్లనేనన్నది కూడా దాచరాదు.

అదే యాత్రలో, 1901లో, ఇటలీలోని పావియా పట్టణంలో రీవా రోచీ అనే డాక్టరు తయారుచేసిన సాధనం ఆయన కంటపడింది. చేతికి రబ్బరు పట్టా చుట్టి, గాలి కొట్టి, పాదరసం ఎక్కడ నిలిచిందో చూసే యంత్రం. మనందరి ఇళ్ళలో ఈనాడు ఉన్న బి.పి. మిషనుకు తాత. కుషింగ్ దాని పనితనం గమనించి, ఒకటి బాల్టిమోర్‌కు తెచ్చి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రక్తపోటు చూసి తన చార్టులో కలపడం మొదలుపెట్టాడు. 1903లో బోస్టన్ వెళ్ళి అక్కడి పెద్దలకు దీని ప్రయోజనం చెప్పాడు. వారు ఒక కమిటీ వేశారు! అనుభవం గల డాక్టరు వేలితో నాడి పట్టుకుంటే చాలు, ఈ యంత్రంతో పెద్దగా ఒరిగేదేమీ లేదని ఆ కమిటీ తేల్చింది. కమిటీలు ఎక్కడైనా కమిటీలే కదా.

పుర్రెలోని ఒత్తిడిని బయటి నుంచి తెలుసుకునే దారి ఇంకొకటి కూడా ఆయనకు తెలుసు. అది కన్ను. కంటి వెనుక నుంచి మెదడులోకి పోయే నరం నిజానికి మెదడు సాగిన కొమ్మే. మెదడును కప్పిన పొరే దానికి తొడుగుగా వస్తుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవం ఆ తొడుగులోకీ వస్తుంది. కనుక లోపల ఒత్తిడి పెరిగితే కంటి నరం మొదలు వాస్తుంది. కంటిపాపలోంచి దీపం వేసి చూస్తే ఆ వాపు కనబడుతుంది. మెదడులో గడ్డలున్న రోగుల కళ్ళను ఇలా పరీక్షించి, కణత దగ్గర కొంత ఎముక తీసి లోపలి ఒత్తిడికి వెసులుబాటు కల్పిస్తే చూపు దక్కుతుందని కుషింగ్, బోర్డ్‌లీ అనే కంటి డాక్టరు కలిసి 1909లో ప్రచురించారు.

నాకు కుషింగ్ పరిచయమైంది ఈ కంటి దారి నుంచే. పోయిన ఏడాది మా బావగారికి, అంటే మా అక్క భర్తకు, ప్రోస్టేట్ గ్రంథిలో కాన్సర్ అని తేలింది. ఆయన వయసు 74. హైదరాబాదులో ఒక ఆస్పత్రివారు రోబో సాయంతో ఆపరేషన్ చేస్తామన్నారు. మా అక్క భయమంతా మత్తు గురించే. వాళ్ళ వీధిలో ఒకాయన గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి పదిరోజుల పాటు కన్నకొడుకును గుర్తుపట్టలేదట. అది మనసులో పెట్టుకుని, ఆపరేషన్ వద్దే వద్దు, ఉన్నన్నాళ్ళు మందులతో గడుపుకుందాం అని భీష్మించుకు కూర్చుంది. పిల్లలు చెప్పినా వినలేదు. చివరికి మత్తు డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకువెళ్ళాను. మా మనవరాలి వయసుంటుంది. గంటసేపు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది.

ఈ ఆపరేషన్‌లో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు ఎక్కించి, బల్లను తలకిందుగా 25, 30 డిగ్రీల దాకా వాలుస్తారట. కొన్ని గంటలు అలాగే ఉంచాలి. తలలోని రక్తం కిందికి దిగడం ఆలస్యమవుతుంది, ముఖం ఉబ్బుతుంది, పుర్రెలో ఒత్తిడి కొంత పెరుగుతుంది. మెలకువగా ఉన్న మనిషైతే తలనొప్పి అని చెబుతాడు. మత్తులో ఉన్నవాడు చెప్పలేడు. ఒత్తిడిని కచ్చితంగా కొలవాలంటే పుర్రెకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. ప్రోస్టేట్ ఆపరేషన్ కోసం ఎవరూ పుర్రెకు రంధ్రం పెట్టించుకోరు. అందుకని మూసిన కనురెప్ప మీద జిగురు రాసి, అల్ట్రాసౌండ్ పరికరాన్ని మెల్లగా ఆనించి, కంటిగుడ్డుకు 3 మిల్లీమీటర్ల వెనుక ఆ నరం తొడుగు వెడల్పు కొలుస్తారు. సుమారు 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే నిశ్చింత. 5, 6 మధ్యకు వెళితే జాగ్రత్త పడాలి. బల్ల వాలు తగ్గించడం, పొట్టలో వాయువు తగ్గించడం, శ్వాస యంత్రాన్ని సర్దడం వంటివి చేస్తారు.

ఆ అమ్మాయి దాపరికం లేకుండా ఇంకో మాట కూడా చెప్పింది. ఈ కొలత ఒత్తిడి అంకెను చెప్పదు, పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్న పోకడ చెబుతుంది. కొలిచే చేతిని బట్టి కొంత తేడా వస్తుంది. ప్రతి ఆస్పత్రిలోనూ, ప్రతి ఆపరేషన్‌కూ చెయ్యరు. ఆపరేషన్ తరువాత వచ్చే మతిమరుపుకు, తికమకకు చాలా కారణాలుంటాయి కనుక ఈ పరీక్ష దానికి హామీ కాదు. హామీ ఇస్తాననేవాళ్ళ కంటే ఇలా చెప్పిన పిల్ల మీదనే మా అక్కకు గురి కుదిరింది. ఒప్పుకుంది.

ఆపరేషన్‌లో బల్ల వాల్చాక తొడుగు వెడల్పు అర మిల్లీమీటరు దాకా పెరిగిందనీ, వాలు కాస్త తగ్గించారనీ, బల్ల సమం చేశాక మునుపటి కొలతకు వచ్చిందనీ ఆ చార్టులో చూపించారు. సాయంత్రం తెలివి వచ్చాక బావగారు మొదట అడిగింది లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చామా లేదా అని. మా అక్క ఏడ్చేసింది. ఆ డాక్టరమ్మే మాటల్లో కుషింగ్ పేరు చెప్పింది. అప్పటి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

అల్ట్రాసౌండ్‌తో మెదడును చూడాలన్న ప్రయత్నం కుషింగ్ పోయిన తరువాతి మాట. స్వీడన్ సర్జన్ లార్స్ లెక్సెల్ 1950లలో పుర్రెలోకి శబ్ద తరంగాలు పంపి, దెబ్బ తగిలినవారిలో మెదడు పక్కకు జరిగిందా అని చూశాడు. 1982లో నార్వేకు చెందిన రూనె ఆస్లిడ్ కణత మీద పరికరం పెట్టి మెదడు నాళాల్లో రక్తం వేగం కొలవవచ్చని చూపించాడు. కణత దగ్గర ఎముక పల్చన. కుషింగ్ వెసులుబాటు కోసం ఎముక తీసిన చోటూ అదే. అయితే వయసు మళ్ళిన ఆడవాళ్ళలో చాలామందికి అక్కడ ఎముక దళసరెక్కి శబ్దం దూరదట. అటువంటివారికి కంటి దారి ఒక ఆసరా.

మళ్ళీ కుషింగ్ దగ్గరికి వద్దాం. 1902లో కాథరీన్ క్రోవెల్‌ను పెళ్ళాడాడు. అయిదుగురు పిల్లలు. 1912లో హార్వర్డ్ వారు పిలిచి బోస్టన్‌లో కొత్తగా కట్టిన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రికి శస్త్రచికిత్స అధిపతిని చేశారు. ఇరవై ఏళ్ళు అక్కడే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టకూటి కోసం రాత్రివేళల్లో రోగుల సేవ చేసింది ఈ బ్రిగమ్ ఆస్పత్రిలోనే. అలాగే కుషింగ్ కింద కొన్నాళ్ళు పనిచేసిన పెన్‌ఫీల్డ్ తరువాత కెనడాలోని మాంట్రియల్‌లో గొప్ప మెదడు సంస్థ స్థాపించాడు. ఆయన దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాందీ గారు 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మన దేశపు మొదటి న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి తలకు జబ్బు చేస్తే వెల్లూరికి పరుగెత్తిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి.

కుషింగ్ మొదలుపెట్టిన రోజుల్లో మెదడు గడ్డకు ఆపరేషన్ అంటే దాదాపు ఆశ వదులుకోవడమే. ఆయన చేతిలో మరణాలు పదింటికి ఒకటి దగ్గరికి దిగాయి. గంటల తరబడి, ఒక్కొక్క నాళాన్ని వెండి క్లిప్పుతో బిగిస్తూ చేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం రంగాలకు వెళ్ళాడు. 1917లో తలలో తూటా ముక్కలు దిగిన సైనికులకు ఆపరేషన్లు చేస్తే, మొదట సగానికి పైగా ఉన్న మరణాలు మూడు నెలల్లో మూడో వంతు కంటే తక్కువకు వచ్చాయి. 1926 అక్టోబరులో బోవీ అనే శాస్త్రజ్ఞుడు చేసిన విద్యుత్ పరికరంతో రక్తస్రావం ఆపుతూ, అంతకు ముందు చేతకాదని పంపేసిన రోగులను మళ్ళీ పిలిపించి గడ్డలు తీశాడు. 1931 ఏప్రిల్ 15న ఆయన రెండువేలవ మెదడు గడ్డ ఆపరేషన్ జరిగింది. ఇంత పనిలో గురుతుల్యుడు ఆస్లర్ జీవిత చరిత్ర రాసి 1926లో పులిట్జర్ బహుమతి కూడా పొందాడు.

మనిషిగా మాత్రం ఆయన కింద పనిచేయడం కష్టం. చిన్న తప్పుకు సహాయకులను అందరిముందూ చీల్చి చెండాడేవాడు. నర్సులు వణికేవారు. తన దగ్గరే ఎదిగిన వాల్టర్ డాండీ 1918లో మెదడు గదుల్లోకి గాలి పంపి ఎక్స్‌రే తీసే మంచి పద్ధతి కనిపెడితే మెచ్చుకోవడానికి మనసొప్పలేదు. అటువంటి ఆఫీసర్లను మనమూ చూశాం. పని నేర్పుతారు, కడుపు మాడుస్తారు. ఆయన గొప్పతనాన్ని చూసి ఈ గుణాన్ని క్షమించమని నేను చెప్పలేను. 1926 జూన్‌లో యేల్‌లో చదువుతున్న పెద్దకొడుకు విలియం కారు ప్రమాదంలో పోయాడు. వార్త తెలిసిన ఉదయం కుషింగ్ ఆస్పత్రికి వెళ్ళి, ఆ రోజుకు నిర్ణయించిన ఆపరేషన్ పూర్తిచేశాడు. అది ధీరత్వమా, రాతి గుండా అని మా ఇంట్లో వాదన జరిగింది. బల్ల మీద ఎదురుచూస్తున్నదీ ఎవరో కన్నబిడ్డేనని మా ఆవిడ అన్న తరువాత నేను మారు మాట్లాడలేదు.

1932లో, 63వ ఏట, హార్వర్డ్ నుంచి రిటైరయ్యాడు. ఆ ఏడాదే పిట్యూటరీ గ్రంథి వల్ల ఒళ్ళు ఉబ్బి బి.పి. పెరిగే జబ్బును వర్ణించాడు. దానికి ఆయన పేరే ఉంది. విపరీతంగా సిగరెట్లు కాల్చడం వల్ల కాళ్ళకు రక్తం సరిగ్గా అందేది కాదు. తనంతటి వైద్యుడు కూడా ఆ అలవాటును వదలలేకపోయాడు. మరుసటి సంవత్సరం యేల్ వారు ఆచార్య పదవి ఇచ్చి పిలిచారు. 1939 అక్టోబరు 7న న్యూ హేవెన్‌లో గుండెపోటుతో కన్నుమూశాడు. పరీక్ష కోసం తల తెరిచి చూస్తే, మెదడు నడిమి గదిలో ఒక సెంటీమీటరు నీటితిత్తి ఉంది. ద్రవం పోయే దారికి అడ్డుపడితే పుర్రెలో ఒత్తిడిని ఉన్నట్టుండి పెంచగల రకం అది. ఆయన బతికుండగా అది ఏ బాధా పెట్టలేదు.

రికార్డుల సంగతి చెప్పకుండా ముగిస్తే నా పూర్వపు సెక్షన్‌కు ద్రోహం చేసినట్టే. 1915లో ఆయన దగ్గర రాతకోతల సహాయకురాలిగా చేరిన లూయీజ్ ఐజెన్‌హార్ట్ అనే ఆమె, ఆ తరువాత తానే వైద్యం చదివి 1925లో డాక్టరైంది. తీసిన ప్రతి గడ్డనూ సూక్ష్మదర్శినిలో చూసి, ఏ రోగికి ఏమైందో వివరంగా నమోదు చేసేది. కుషింగ్ ఒక్కొక్క రోగికి ఉత్తరాలు రాసి యోగక్షేమాలు తెలుసుకునేవాడు. రెండువేల పైచిలుకు రోగుల కాగితాలు, ఫొటోలు, గాజు సీసాల్లో భద్రపరచిన మెదళ్ళు ఆయనతో బాటు యేల్ చేరాయి. ఐజెన్‌హార్ట్ 1967లో పోయింది. తరువాత ఆ సీసాలన్నీ విద్యార్థుల హాస్టల్ కింది నేలమాళిగలో దుమ్ము పట్టి పడి ఉన్నాయి. కొందరు విద్యార్థులు తాళం సందులోంచి దూరి చూసి వచ్చి ఒకరికొకరు చెప్పుకునేవారట. చివరికి యేల్ వారు వాటిని శుభ్రం చేయించి, పగిలిన సీసాలు మార్చి, 2010లో వైద్య గ్రంథాలయంలో కుషింగ్ పేరిట ఒక ప్రదర్శనశాల తెరిచారు. గోడ పొడుగునా చెక్క అరల్లో సుమారు నాలుగువందల సీసాలు దీపాల వెలుగులో వరుసగా ఉన్నాయి.